రెండింతల వేగంలో అమ్మమ్మ

మూడున్నరకి ఇంజినీరు పనిముట్ల పెట్టె మూయడం మొదలుపెట్టాడు. నాలుగున్నరకి ఆయన రైలు. ఐదింటికి, బాగుపడని మెషీన్‌ని తిరిగి తీసుకుపోవడానికి లారీ.

తోటివాళ్ళంతా గడగడ అని పిలిచే మనిషి గడియారం వైపు చూసింది. మేజోళ్ళు అల్లే ఆ కొత్త మెషీన్‌ని కార్ఖానాలో ఆమె ఒక్కతే నడుపుతుంది. అది వెళ్ళిపోతే ఆమె మళ్ళీ ప్యాకింగ్ బల్ల దగ్గరికే. పదకొండేళ్ళు మడతలు పెట్టిన చోటికే.

లోపం ఒక్కటే. అల్లిక మడమ దాకా వచ్చాక సూదుల సిలిండరు వెనక్కి తిరగాలి. సరిగ్గా అక్కడే ఆగిపోతోంది. పరదేశం నుంచి దిగిన ఇంజినీరు మడమ దాకా పోనివ్వకుండా రెండు నిమిషాలు తిప్పి చూసి, బాగానే ఉంది కదా అన్నట్టు భుజాలెగరేశాడు. రావలసిన దుబాసీ ఫోన్ ఎత్తడం లేదు. యజమాని తన ఫోన్‌లో అనువాదం పెట్టి మడమ గురించి చెప్పబోతే, ఇంజినీరు వంగి ఆయన బూటు విప్పించి కాలు పరీక్షించాడు. ఆ దెబ్బకి యజమాని ఫోన్ జేబులో పడేశాడు.

"నీకొచ్చుగా ఆ భాష," అంది ప్యాకింగ్ బల్ల దగ్గరున్న వదిన, మోచేత్తో పొడుస్తూ. "ఏడాదిగా బస్సులో నా చెవులు తినేశావు. వెళ్ళి వాగు."

"ఫోన్‌తో మాట్లాడ్డం వేరు వదినా. మనిషితో ఎప్పుడూ మాట్లాడలేదు."

"ఆయనా దానిలాగే మొహం కదపడం లేదు. నీకు తేడా తెలీదులే."

బస్సు ప్రయాణం ఇరవై నిమిషాలే కాబట్టి ఫోన్‌లో ఆ భాష పాఠాలన్నీ రెండింతల వేగంలో వినేది గడగడ. ఆ దేశంలో అందరూ అంత వేగంగానే మాట్లాడతారని ఆమె నమ్మకం. తనూ అలాగే మాట్లాడేది; గడగడ అన్న పేరు వచ్చింది కూడా అందుకే.

ముందుకెళ్ళి, ఊపిరి పీల్చుకోకుండా పలకరింపూ, క్షేమసమాచారమూ, వాతావరణమూ కలిపి ఒక్క దమ్ములో వదిలింది. ఇంజినీరు చేతిలోని స్పానరు కిందపడింది.

"మెషీన్‌కి ఏమైంది?" అని ఆయన తన భాషలో, నెమ్మదిగా అడిగాడు.

అర్థమైంది! గడగడ మర్యాద తప్పకుండా, "చాలా బాగా పలికారు. రోజురోజుకీ మెరుగవుతున్నారు. ఇంకోసారి గట్టిగా చెప్పండి," అంది. ఫోన్‌లోని ఆవిడ ప్రతి జవాబుకీ అలాగే అంటుంది మరి. అక్కడ ఎవరు నోరు తెరిచినా ఇలా మెచ్చుకోవడం పద్ధతి కాబోలనుకుంది.

ఇంజినీరు అటూ ఇటూ చూశాడు. గొంతు సవరించుకున్నాడు. బడిలో పద్యం అప్పజెప్పినట్టు, గట్టిగా, అదే ప్రశ్న మళ్ళీ వేశాడు.

ఇప్పుడొచ్చింది చిక్కు. పలకరింపులు కాక ఆమెకి నోటికొచ్చిన పాఠాలు రెండే: కుటుంబం, రైల్వే స్టేషను. సిలిండరు, మీట, స్ప్రింగు వాటిలో లేవు. గడియారం మూడూ నలభై.

గడగడ సిలిండరు మీద చెయ్యేసింది. "ఈవిడ అమ్మమ్మ." సూదులు చూపించింది. "వీళ్ళు మనవలు. అమ్మమ్మ స్టేషనుకి వెళ్తుంది. అందరూ సంతోషంగా వెళ్తారు. అమ్మమ్మ ఇంటికి బయలుదేరుతుంది. ఎడమవైపు మనవడు రాడు. టిక్ అని ఏడుస్తాడు. వాణ్ణి వదిలి అమ్మమ్మ కదలదు."

ఇంజినీరు కనుబొమలు పైకి లేచాయి. పెట్టె మళ్ళీ తెరుచుకుంది. ఆయన మోకాళ్ళ మీద కూలబడి, ఎడమవైపు మూత విప్పి, సూదుల్ని కిందికి దించే చిన్న మీటని వేలితో నొక్కాడు. టిక్. దాని స్ప్రింగు సాగిపోయి ఉంది. ఆయన పకపకా నవ్వుతూ ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడమ్మా?" అన్నాడు యజమాని.

"మనవడికి నడుం పట్టేసిందట సార్."

"రైలుకి టైమైపోతుంటే ఇంటి కబుర్లేంటమ్మా మీ ఇద్దరికీ?"

నాలుగున్నరకి, రైలు సంగతి ఎవరికీ గుర్తులేని ఆ క్షణాన, కొత్త స్ప్రింగు బిగిసింది. గడగడ స్విచ్ నొక్కింది. కాలి భాగం దిగింది. మడమ వచ్చింది. సిలిండరు వెనక్కి తిరిగింది, ముందుకి తిరిగింది, మళ్ళీ వెనక్కి. టిక్ లేదు. వెచ్చటి మేజోడు ఒకటి బుట్టలో పడింది.

బయట, అనుకున్నదానికన్నా ముందే వచ్చేసిన లారీ హారన్ మోగింది. యజమాని ఆ మేజోడు లాక్కుని, జెండాలా ఊపుతూ, ఒంటి బూటుతో గేటు వైపు పరుగెత్తాడు.

"అయితే ఇంక ప్యాకింగ్‌లో నాకు తోడెవరే?" అంది వదిన.

గడగడ మెషీన్ మీదికి వంగింది. జతలో రెండోది మడమ దగ్గరికి వస్తోంది.