గాలి కొలిచే మిషన్

పొద్దున్నే ఊడ్చిన చర్చి హాలు తొమ్మిదింటికల్లా మళ్లీ నల్లబడింది. దేవమణి నడుం మీద చెయ్యి వేసుకుని కాసేపు నిలబడి, మళ్లీ చీపురు అందుకుంది. పదింటికి విజయనగరం నుంచి ఆఫీసర్లు వస్తున్నారు. మాదలవలసలో అంతమంది కూర్చోవడానికి చోటున్నది ఈ బాప్టిస్టు చర్చి హాలులోనే కనుక మీటింగు ఇక్కడ పెట్టారు. కుర్చీలు తుడిచిన గుడ్డ బకెట్లో ముంచితే నీళ్లు కాటుక రంగుకి తిరిగాయి. ఊరి పక్కనున్న ఇనుప ఫ్యాక్టరీ పొగగొట్టం రాత్రంతా కక్కింది మరి. గాలి ఇటు మళ్లిన రోజున ఊళ్లో ఎవరూ వడియాలు పెట్టుకోరు, చంటిపిల్లల్ని అరుగు మీద పడుకోబెట్టరు.

దేవమణికి యాభై దాటాయి. మొగుడు పోయిన దగ్గర్నుంచి చర్చి పని చూసుకుంటోంది. ఊడవడం, గంట కొట్టడం, హార్మోనియానికీ ప్రసంగం బల్లకీ గుడ్డలు కుట్టి తొడగడం అన్నీ ఆమెవే. సంఘం నెలకి రెండు వేలు ఇస్తుంది. ఆ రెండు వేలకి ఎంత చెయ్యాలో అంతే చేసే రకం కాదు ఆమె. చర్చి వస్తువు మీద మరక కనిపిస్తే ఆ పూట అన్నం సహించదు.

గంగరాజు స్కూటరు దిగి పెళ్లాన్ని నెమ్మదిగా నడిపించుకుంటూ వచ్చాడు. తవిటమ్మ నాలుగడుగులకోసారి ఆగుతోంది. ఆమె గుండెల్లో కూత గుమ్మం దగ్గరికే వినిపించింది.

"సెల్లీ, దీన్ని ఫ్యాను కింద కూకోబెట్టు. నాను ఆల్లకి ఎదురెల్తాను," అన్నాడు గంగరాజు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇయాల తేలిపోవాల సెల్లీ. గొట్టానికి ఆ పిల్టరు పెట్టకపోతే ఇది ఇంకో సలికాలం దాటదని డాకటరు సెప్పీసినాడు."

"నాకు ఊపిరే లేదు గానీ, సెవులు బాగానే ఉన్నాయి," అంది తవిటమ్మ.

గంగరాజు వరి, నువ్వులు పండించుకునే రైతు. ఏడాదిన్నరగా సోమవారం వస్తే చాలు, కలెక్టరాఫీసు గ్రీవెన్సులో అర్జీ పట్టుకుని ఉంటున్నాడు. ఫ్యాక్టరీ దగ్గర వసూలు చేసిన కాలుష్యం సొమ్ములోంచి ఈ ఊరి గాలి బాగుచెయ్యడానికని కోటిన్నర ఇచ్చారు కదా, గొట్టానికి పెడతామన్న ఫిల్టరేది, రోడ్డు మీద నీళ్లు చల్లే బండేది, సోలారు దీపాలేవి అని అతని ప్రశ్న. ఆ సొమ్ములో ఊరివాళ్లు కళ్లారా చూసింది ఒక్కటే, చర్చి మేడ మీద బిగించిన గాలి కొలిచే మిషన్. అదీ గంగరాజు అర్జీ పెట్టి పోరితేనే వచ్చింది.

ఆఫీసరు పేరు పృథ్వీరాజ్. కాలుష్యం చూసే ఇంజనీరు. కుర్రవాడు, మాట మెత్తన. గోడ మీద తెల్లగుడ్డ కట్టించి దాని మీద బొమ్మలు వేసి చూపించాడు. అన్నీ పచ్చని గీతలే.

"ఏడాదిగా మీ చర్చి మేడ మీది మిషన్ ఒక్క రోజు కూడా ఆగలేదండీ. దానికి కరెంటిచ్చే సోలారు పలక మీద చుక్క మరక లేదు. జిల్లాలో ఇంత బాగా నడుస్తున్న మిషన్ ఇంకోటి లేదు," అన్నాడు.

టీ గ్లాసుల పళ్లెంతో గుమ్మంలో నిలబడ్డ దేవమణికి ఒళ్లు పులకరించింది. ఆ పలక రోజూ తుడిచేది తనే. ఆఫీసరు నోటి వెంట తన పని వింటానని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"ఆ మిషన్ లెక్క ప్రకారం మీ ఊరి గాలి అరకులో గాలితో సమానం. అంటే పెట్టిన ఖర్చు ఫలితం ఇచ్చినట్టే. గాలి ఇంత బాగున్నాక ఫిల్టరు అక్కర్లేదని పైకి రాసి ఫైలు మూసేస్తున్నాం."

గంగరాజు లేచి, పక్కనున్న కిటికీ ఊచని అరచేత్తో రాసి చూపించాడు. "మరి ఈ మసేటి బాబూ? అరకులో ఇలాగే ఉంటాదేటి?"

"కంటికి కనిపించింది లెక్కలోకి రాదండీ. మిషన్ చెప్పాలి. మిషన్ కావాలని మీరే కదా అడిగారు?"

హాల్లో కొందరు నవ్వారు. ఫ్యాక్టరీలో కాంట్రాక్టు దొరకలేదని ఈయనకి మంట అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఏడాదిన్నర అతని వెనక తిరిగినవాళ్లు కూడా ఆ మాటకి అడ్డు చెప్పలేదు. గంగరాజు నల్లటి చెయ్యి అలాగే చాపుకుని ఇంకాసేపు నిలబడి, కూర్చున్నాడు. తవిటమ్మ దగ్గు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది.

దేవమణి పళ్లెం దించి గుమ్మం పక్కన పెట్టేసింది. పులకరింత ఎటు పోయిందో పోయింది. ఆ మిషన్ కొలిచేది దుమ్మునని ఆమెకి ఎప్పుడూ తెలుసు. తెలిసిన ముక్కనే ఇన్నాళ్లూ ఆలోచించలేదు.

మిషన్ బిగించిన రోజున టెక్నీషియన్ నాగబాబు, "లచ్చల ఖరీదు పిన్నీ. దుమ్ము పట్టకుండా సూసుకో," అని చెప్పి వెళ్లాడు. అతను చెప్పింది సోలారు పలక గురించి. దేవమణి మొత్తం మిషన్ గురించి అనుకుంది. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు సంస్కారానికి కట్టుకునే తెల్లచీర ఒకటి పాతబడితే దాన్ని రెండు మడతలు వేసి, హార్మోనియానికి కుట్టినట్టే పలక కింది మిషన్ పెట్టెకి సరిపోయేలా కుట్టి, మూతికి తాడు దూర్చింది. పొగ ఇటు మళ్లడం చూస్తే చాలు, పరుగున మేడెక్కి తొడిగేది. వాన కురిసి గాలి శుభ్రపడ్డాక తీసేది. నాగబాబు నెలనెలా వచ్చే ముందు ఫోను చేసేవాడు. పరాయివాళ్లు వచ్చేటప్పుడు వస్తువు మీద గుడ్డ ఉంచడం మర్యాద కాదు కనుక ముందే తీసి మడిచి పెట్టేది. అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. వస్తువు మీద గుడ్డ కప్పానని ఎవరైనా చెప్పుకుంటారా?

పోయిన చలికాలంలో ఒక సాయంత్రం ఆమెకి గుర్తొచ్చింది. తవిటమ్మ ఊపిరాడక చర్చి మెట్ల మీద కూలబడిపోయింది. దేవమణి ఆమె నెత్తిమీద చెయ్యి వేసి ప్రార్థన చేసింది. ఇంతలో పొగ ఇటు తిరిగింది. ఇప్పుడే వస్తానని చెప్పి మేడెక్కింది. మనిషిని మెట్ల మీద వదిలేసి మిషన్‌కి చీర కప్పింది.

మీటింగు అయ్యాక ఆఫీసరు పాస్టరు గారి గదిలో టిఫిను తింటున్నాడు. నాగబాబు పక్కనే ఉన్నాడు. దేవమణి ఆ చీరగుడ్డ చేత్తో పట్టుకుని లోపలికి వెళ్లి ఉన్నదంతా చెప్పేసింది.

"తెలియక సేసినాను బాబూ. పిల్టరు ఆపించకండి. తప్పు నాది."

నాగబాబు నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. పృథ్వీరాజ్ చెయ్యి కడుక్కుని గుడ్డ విప్పి చూశాడు. పై మడత చారల చారలుగా నల్లబడి ఉంది, లోపలి మడత తెల్లగా ఉంది. అతను కుర్చీలో వెనక్కి వాలాడు.

"మా అమ్మయినా ఇలాగే చేసేదేమో," అన్నాడు చివరికి. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. తర్వాత లేచి తలుపు దగ్గరగా వేశాడు. "ఖర్చు లెక్క పైకి వెళ్లిపోయిందమ్మా. ఫిల్టరు సొమ్ము వేరే పనులకి ఖర్చయినట్టు ఎవరు రాశారో, అది ఎటు పోయిందో నాకూ తెలీదు. నేనొచ్చేసరికే అలా ఉంది. ఇప్పుడు ఇది బయటికొస్తే మొదట పోయేది నాగబాబు ఉద్యోగం. ఆ తర్వాత మీ మీద కేసు. అసలువాళ్ల దాకా ఎవరూ వెళ్లరు."

దేవమణి నాగబాబు వైపు చూసింది. వచ్చినప్పుడల్లా ఆమె ఇంట్లో అన్నం తిన్నవాడు అతను. అతను తలెత్తలేదు.

"మిషన్‌కి కాపలా మనిషిని పెట్టుకునే వీలుంది. నెలకి ఎనిమిది వేలు. మీ పేరు రాయిస్తాను. మీరు ఎప్పట్లాగే చూసుకోండి," అన్నాడు పృథ్వీరాజ్.

"ఎప్పట్లాగే అంటే ఏటి బాబూ?"

అతను గుడ్డని పొందిగ్గా మడిచి ఆమె చేతుల్లో పెట్టాడు.

ఎనిమిది వేలు అన్న మాట ఆమె మనసులో ఒక్క క్షణం మెదలకపోలేదు. మెదిలినందుకు ఇంకా సిగ్గేసింది. గదిలోంచి బయటికొచ్చి, ఫ్యాను కింద కూర్చున్న తవిటమ్మ కాళ్ల దగ్గర చతికిలబడింది. చెప్పడం మొదలుపెట్టాక ఎక్కడా ఆగలేదు. మెట్ల మీద వదిలేసిన సాయంత్రంతో సహా చెప్పింది.

తవిటమ్మ ఆమె వైపు వంగింది.

"ఎన్నాల్లే?"

"మిషనెట్టిన కాణ్నుంచి."

"మరి నాకు పార్దన సేసినావు కదే."

"సేసినాను వదినా."

"సేసి మేడెక్కినావు."

దేవమణి ఆమె పాదాలు పట్టుకోబోయింది. తవిటమ్మ కాళ్లు వెనక్కి లాక్కుంది. "నా కాల్లట్టుకుంటే నాకు ఊపిరొస్తాదేటి? మీ అన్న మొకం సూడు. నలుగురిలోన అబద్దాలోణ్ని సేసినారు. నాకు సెవిలో సెప్తే ఏటవుతాది? ఆ నలుగురిలోనే సెప్పు."

గంగరాజు బయట మీటింగు కోసం వేసిన షామియానా కింద ఒక్కడే కూర్చున్నాడు. జనం అతన్ని తప్పుకుని నడుస్తున్నారు. ఆఫీసరు జీపెక్కుతున్నాడు. మీటింగుకి తెప్పించిన మైకు సెట్టు అతను వైరు చుట్టడం మొదలుపెట్టాడు.

"సుట్టకు బాబూ," అంది దేవమణి బయటికొచ్చి మైకు అందుకుంటూ. "ఓ మాటుంది."

ఆదివారాలు సంఘంలో ఆడవాళ్లు దేవుడు తమకి చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేటప్పుడు ఆమె ఎప్పుడూ వెనక వరసలోకి జరిగిపోయేది. నలుగురి ముందు నోరు విప్పడమంటే ఆమెకి భయం. జీపు పక్కనుంచి నాగబాబు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. అతని ఉద్యోగం పోతుందని తెలిసే ఆమె మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

"నాను దేవమణిని," అంది. స్పీకర్లోంచి వచ్చిన ఆ గొంతు తనది కాదేమో అనిపించింది. ఇళ్ల వైపు వెళుతున్నవాళ్లు ఆగి వెనక్కి తిరిగారు. "గంగరాజన్న అబద్దం ఆడలేదు. మిషన్ సేత అబద్దం ఆడించింది నాను. దుమ్మొచ్చిన నాడల్లా దాని మీద నా సీర కప్పినాను. తెలియక కప్పినాను. నాగబాబుకి ఈ సంగతి తెల్దు. ఇప్పుడు తెలిసింది. ఎనిమిది వేలిస్తాం, ఎప్పట్లాగే సూసుకోమన్నారు సారు."

జీపు ఇంజను ఆగింది. పృథ్వీరాజ్ దిగి మైకు సెట్టు వైపు పెద్ద అంగలతో వస్తున్నాడు.

"నాను కప్పను," అంది దేవమణి.

షామియానా కిందనుంచి గంగరాజు లేచాడు. కుర్చీ వెనక్కి పడిపోయినా చూసుకోకుండా ఆమె వైపు నడిచాడు. అతని మొహం ఎర్రబడి ఉంది. కొట్టడానికి వస్తున్నాడో, పక్కన నిలబడడానికి వస్తున్నాడో ఆమెకి తెలియలేదు. ఏదైనా తనకి తగిందే అనుకుని, మైకు వదలకుండా అక్కడే నిలబడింది.