పుట్టుమచ్చ ఉన్న నెమలీక

దుకాణం యజమానురాలు సొరుగు లాగి, ఒక జత చెవి లోలాకులు తీసి గాజుబల్ల మీద పెట్టింది. పెట్టిన తీరులోనే కోపం తెలుస్తోంది.

"ఇవి ఎవరివమ్మా?"

నెమలక్క నవ్వబోయింది. తన చేతిపని తనకు తెలియదా? నడుమ ముదురు నీలం కన్ను, దాని చుట్టూ నెమలికంఠం రంగు, ఆపైన రాగి వలయం, అంచుల్లో వెంట్రుకల్లా విడిపోయే ఆకుపచ్చ గీతలు. కానీ ఈ దుకాణానికి తను ఇంకా ఒక్క జత కూడా ఇవ్వలేదు. చూపించింది ఒక్క నమూనా, అదీ చూపించి వెనక్కి పట్టుకెళ్లింది. ఆ సంగతి తట్టగానే నవ్వు పెదవుల మీదే ఆగిపోయింది.

ఆమెను ఆ బజారులో అందరూ నెమలక్క అనే పిలుస్తారు. పాలిమర్ క్లే అనే మెత్తటి ప్లాస్టిక్ మట్టితో నెమలీకలు చేస్తుంది కాబట్టి ఆ పేరు. రంగు వేసి చేసేది కాదు ఆ పని. రంగురంగుల క్లేని రోలర్ మిషనులో పలచని రేకులుగా తిప్పి, ఒకదానిమీద ఒకటి పేర్చి, కోసి, మళ్లీ పేర్చి, చివరికి చేతిమందాన ఒక దుంగ కడుతుంది. ఆ దుంగని అన్ని వైపులా ఒత్తుతూ పోతే సన్నబడి పొడుగవుతుంది. లోపలి బొమ్మ చిన్నదవుతుందే కానీ చెదరదు. ఎక్కడ కోసినా అదే ఈక. కోసిన బిళ్లల్ని ఓవెన్‌లో కాలిస్తే లోలాకులు, పతకాలు. అదంతా కుదిరితే. కుదరక చెత్తబుట్టలో పడినవాటికి లెక్కలేదు.

యజమానురాలు చెప్పుకుపోతోంది. నిన్న ఒక కస్టమర్ ఇవి పెట్టుకుని దర్జాగా లోపలికి వచ్చిందట. ఎక్కడివని అడిగితే బజారుకు ఆ చివరున్న గాజుతలుపుల షాపులో కొన్నానందట. ఈవిడ మనిషిని పంపి ఇంకో జత కొనిపించిందట. ఆ ఈక తన షాపు ముందరి అద్దాల కిటికీలో తప్ప ఇంకెక్కడా కనపడకూడదనేది మొదటి రోజే అనుకున్న మాట. దానికోసమే పాత సరుకంతా తీయించి కిటికీ మొత్తం ఖాళీ చేయించింది. నెమలక్క పేరుతో కార్డు కూడా అచ్చు వేయించింది.

"ఊళ్లో సగం చెవులకు వేలాడాక నా కిటికీ దగ్గర ఎవరు ఆగుతారు? నాకిచ్చినట్టే ఇచ్చి వాళ్లకు అమ్ముకున్నావా, వాళ్లది చూసి నువ్వు చేశావా, ముందది చెప్పు."

నెమలక్క బల్ల మీది భూతద్దం అందుకుని ఒక లోలాకు మీద పెట్టి చూసింది. రాగి వలయంలో, ఎడమ పక్కన కిందుగా, ఆవగింజలో సగమంత బంగారు రంగు చుక్క. దుంగ కడుతున్నప్పుడు రాగి రేకు అక్కడ చిట్లింది. విప్పి మళ్లీ కట్టే ఓపిక లేక చిటికెడు బంగారు రంగు కూరి సరిపెట్టింది. దుంగ సన్నబడ్డా ఆ చుక్క పోలేదు, ప్రతి బిళ్లలోనూ పడింది. అమ్మ చూసి, పోనీలే, నీ ఈకకు పుట్టుమచ్చ అంది. ఎవరైనా చూసి కాపీ కొడితే ఈకని కొడతారు. ఎవరి చేతిలోనో చిట్లిన రేకుని కొట్టరు.

ఇవి కాపీలు కావు. తన దుంగలోంచి కోసిన బిళ్లలు.

ఆ మాటే చెప్పింది. యజమానురాలు తల అడ్డంగా ఊపింది. "నీదని నువ్వంటావు, మాదని వాళ్లంటారు. నాకు కంటికి కనపడాలి."

"మిగతా దుంగ మా ఇంట్లో ఫ్రిజ్‌లో ఉందండీ. తెచ్చి వీటి పక్కన పెడతాను. చుక్కకు చుక్క సరిపోతుంది. మీరే చూడండి."

"సాయంత్రం షాపు మూసేలోగా తీసుకురా. తేలేదనుకో, కిటికీ పోవడం ఒక్కటే కాదు. పక్కవాళ్ల పని ఎత్తుకొచ్చిందని ఈ బజారంతా నీ పేరు తిరుగుతుంది. నేను తిప్పక్కర్లేదు, అదే తిరుగుతుంది."

బయటికి వచ్చి, ఎండలో నిలబడి లెక్క వేసుకుంది. దుంగ ఉండేది వెనక గదిలో చిన్న ఫ్రిజ్‌లో, మైనపు కాగితం చుట్టి. ఆ గదిలోకి వచ్చేవాళ్లు ముగ్గురే. తను, అమ్మ, సెలవు రోజున వచ్చిపోయే చెల్లెలు. చెల్లెలు అమ్మకాల పిల్లగా చేరింది ఆ గాజుతలుపుల షాపులోనే.

ఇంకా ఆలోచించడానికి ఏముంది? నేరుగా అక్కడికే నడిచింది.

గాజుతలుపు తోయగానే ఎదురుగా నిలువెత్తు బోర్డు. దాని మీద చెల్లెలి ఫోటో, చేతిలో నెమలీక పతకం. కింద, మా డిజైనర్ చేతిపని, అని రాసి ఉంది. ఫోటోలో చెల్లెలు అచ్చం అమ్మలా నవ్వుతోంది. అసలు చెల్లెలు గల్లా పక్కన నిలబడి ఉంది, అక్కని చూసి నవ్వడం మరిచిపోయి.

"అరవకు అక్కా, లోపలికి రా."

"నేనింకా అరవలేదే."

సరుకు పెట్టెల గదిలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరికి వేసింది చెల్లెలు. నెమలక్క దారిపొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ ఒక్కసారిగా కక్కేసింది. కడుపు మాడ్చుకుని కట్టిన దుంగ అంది, అడిగితే చెయ్యి పట్టుకుని నేర్పనా అంది, దొంగ అని కూడా అంది. చెల్లెలు మధ్యలో అడ్డు రాలేదు. మొహంలో భయం లేదు, తెల్లబోవడం ఉంది.

"నువ్వే కదా ఇచ్చావు?" అంది చివరికి.

"నేనా?"

"అమ్మ చేత పంపావుగా. రంగు కుదరలేదు, పారేద్దామనుకున్నావట. దానికి పనికొస్తే వాడుకోమను అన్నావట."

నమ్మలేదు నెమలక్క. చెల్లెలు పెట్టెల వెనకనుంచి ఒక డబ్బా తీసి మూత తెరిచింది. లోపల ఇంకా కాల్చని బిళ్లలు, మైనపు కాగితం మధ్య వరసగా. నెమలక్క ఒకటి తీసి వెలుతురుకు పట్టింది. వెనకవైపు సన్నని వంపు గీతలు, నీళ్లలో అలల్లాగా. బ్లేడుతో కోస్తే గీత పడదు. అవి దారం గీతలు. అమ్మకు మణికట్టు విరిగి అతికాక బ్లేడు పట్టు నిలవదు. ఏ ముద్ద కోయాలన్నా దారం ఒక కొస పళ్లతో పట్టుకుని, రెండో కొస చేత్తో లాగుతుంది. పళ్లతో కోసే తల్లి లోకంలో నువ్వొక్కదానివే అని తను ఎన్నిసార్లు ఆటపట్టించిందో.

ఈ బిళ్లలు కోసింది అమ్మే. 

అక్క పంపలేదని, అమ్మ అబద్ధం చెప్పిందని చెల్లెలికి కూడా అర్థమైంది.  ముందు నెమలక్కే తేరుకుంది. నాతో రా, అంది. ఆవిడ దగ్గరికి వచ్చి జరిగింది చెప్పు, నీ తప్పు లేదని నేనూ చెబుతాను, అంది.

చెల్లెలు తలుపు సందులోంచి బోర్డు వైపు చూసింది.

"వీళ్లు నన్ను తీసేయబోయారక్కా. అమ్మకాలు రావట్లేదని. ఈ ఈక చూపించాకే ఉంచుకున్నారు, ఫోటో పెట్టారు. ఇప్పుడొచ్చి నాది కాదని ఎలా చెప్పను? నువ్వు మళ్లీ చేసుకోగలవు. నేనెక్కడికి పోను?"

"మరి నా పేరు?"

చెల్లెలు డబ్బా దగ్గరికి లాక్కుంది. నెమలక్క చేతిలోని బిళ్ల కూడా మెల్లగా తీసుకుని లోపల పెట్టి మూత వేసింది. అంత మెల్లగా తీసుకుంటే ఎలా లాక్కోవాలో కూడా తెలియలేదు పెద్దదానికి.

"సరే, నువ్వు రావద్దు. దుంగ ఫ్రిజ్‌లో ఉంది. అది తీసుకెళ్లి పెడితే చాలు, నువ్వూ నేనూ నోరు విప్పక్కర్లేదు" అని చెప్పి బయటికి వచ్చేసింది. వెనక్కి తిరిగి చూసినప్పుడు చెల్లెలు తల వంచుకుని ఉంది. ఏడుస్తోందనుకుంది. మనసు పీకింది కూడా. ఆ తల వంచింది ఫోన్ మీదకని అప్పుడు తోచలేదు.

బస్సు కోసం చూసి చూసి, రాక, ఆటో ఎక్కింది. దారంతా ఒకటే లెక్క. దుంగని తడిగుడ్డలో చుట్టాలా, ఐసు డబ్బాలో పెట్టాలా? మెత్తబడితే కోసిన ముఖం నలుగుతుంది, చుక్క జరుగుతుంది. అమ్మతో మాట్లాడటం తరవాత. ముందు దుంగ. అమ్మ మీద కోపం ఎక్కడో అడుగున ఉడుకుతూనే ఉంది కానీ దానికి ఒక మూత కూడా పెట్టుకుంది. ఆవిడ తెలియక చేసి ఉంటుంది. నిజంగానే పారేసే ముక్క అనుకుని ఉంటుంది.

మెట్లెక్కి, తలుపు తీసుకుని, తిన్నగా వెనక గదిలోకి నడిచింది.

అమ్మ బల్ల ముందు కూర్చుని ఉంది. ఫ్రిజ్ తలుపు వారగా తెరిచి ఉంది, లోపలి దీపం వెలుగుతోంది. బల్ల మీద మైనపు కాగితం ఉండచుట్టి పడి ఉంది. అమ్మ చేతుల మధ్య ఒక ముద్ద. నీలం, ఆకుపచ్చ, రాగి, బంగారం అన్నీ కలిస్తే వచ్చే రంగు. బురదకు కూడా అంతకన్నా మంచి రంగుంటుంది. అమ్మ ఇంకా పిసుకుతూనే ఉంది. అతికిన మణికట్టు ఉబ్బి ఎర్రగా ఉంది. సీసా మూత తీయలేని చెయ్యి, ఫ్రిజ్‌లో గట్టిపడ్డ దుంగని పిండిముద్ద చేసింది.

నెమలక్క గడప దగ్గరే ఆగిపోయింది.

"చిన్నది ఫోన్ చేసింది" అంది అమ్మ, తల ఎత్తకుండా.

"ఏం చెప్పింది?"

"నువ్వు దుంగ కోసం వస్తున్నావని."

 నెమలక్క వెళ్లి ఫ్రిజ్ తలుపు మూసింది. ఎందుకు మూసిందో ఆమెకే తెలియదు. లోపల చెడిపోవడానికి ఏమీ మిగల్లేదు.

అమ్మ అప్పుడు మొదలుపెట్టింది, ఎప్పటినుంచో అప్పజెప్పడానికి బట్టీపట్టినట్టు. పెద్దదానికి చిన్నప్పటినుంచీ ఏది పట్టుకున్నా వస్తుంది. చిన్నదానికి కుట్టు రాలేదు, చదువు రాలేదు, చేరిన చోటల్లా నెల తిరక్కుండా పంపించేశారు. ఈసారి కూడా పంపిస్తే అది మంచం దిగదు. పెద్దదానికైతే ఒక కిటికీ పోతే ఇంకో కిటికీ వస్తుంది.

"నన్ను అడగొచ్చు కదమ్మా. దానికోసం వేరే ఈక కట్టిచ్చేదాన్ని. కావాలంటే రోజుకొకటి."

"నువ్వు కట్టిచ్చావంటే అది ముట్టుకోదు. నీ దగ్గర చెయ్యి చాపదు. అక్క పారేసిందంటేనే తీసుకుంది."

"అంటే దాని రోషం కాపాడావు. మరి నన్ను?"

"నిన్నెవరు కాపాడాలే? నువ్వు బాగానే ఉంటావుగా."

ఆ మాటలో వెటకారం లేదు. అదే నెమలక్కకు ఎక్కువ గుచ్చుకుంది. అమ్మ నిజంగానే అలా అనుకుంటోంది. ఇన్నేళ్లూ ఒళ్లు దాచుకోకుండా చేసిన పనంతా, బాగానే ఉంటుందిలే అని తనను పక్కన పెట్టడానికి సాకుగా మారిందన్నమాట.

ఫోన్ మోగింది. దుకాణం యజమానురాలు. షాపు ఇంకాసేపట్లో మూస్తామని, దుంగ బయల్దేరిందా లేదా అని అడిగింది. నెమలక్క స్పీకర్ మీద పెట్టి, దుంగ పాడైపోయిందని చెప్పింది. అవతల నిట్టూర్పు వినపడింది, నాకు ముందే తెలుసన్నట్టు.

"ఆగండి, పెట్టేయకండి. దుంగ లేకపోయినా అది నేను కడుతుండగా పక్కనే కూర్చుని చూసిన మనిషి ఉంది. మా అమ్మ. ఆమెనే అడగండి."

ఫోన్‌ని బల్ల మీద, ఆ ముద్ద పక్కన పెట్టింది. అమ్మ వైపు చూసింది. ఎంత చేసినా, ఎదురుగా నిలబెట్టి అడిగితే అమ్మ అబద్ధం ఆడదని ఆమె నమ్మకం. దుంగ పిసికేసింది భయంతో. ఇప్పుడు భయపడటానికి ఏముంది? ఉన్నది ఉన్నట్టు చెప్పడమే కదా. తరవాత చిన్నదాన్ని ఇద్దరూ కలిసి చూసుకోవచ్చు. ఇంకో పని వెతకొచ్చు, ఇక్కడే కూర్చోబెట్టి నేర్పొచ్చు.

యజమానురాలు మర్యాదగానే అడిగింది. "పెద్దావిడగారూ, మీరే చెప్పండి. ఆ నెమలీక మొదట చేసింది ఎవరు?"

అమ్మ ఫోన్ వైపు చూడలేదు. పెద్దకూతురి మొహంలోకే చూస్తూ ఉంది. వేళ్ల సందుల్లో ఇరుక్కున్న క్లేని బొటనవేలితో గీక్కుంటోంది.

"చిన్నమ్మాయండీ" అంది.

 ఆగి, ఇంకో మాట కూడా చేర్చింది.

"పెద్దది దాన్ని చూసి నేర్చుకుంది."

అవతల ఫోన్ పెట్టేశారు. తెర కాసేపు వెలిగి ఆరిపోయింది. అమ్మ లేచి, చేతులు చీరకు తుడుచుకుని, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, వచ్చి రెండు ముద్దలు తిను, అంది. మామూలు రోజుల్లో పిలిచినట్టే పిలిచింది.

నెమలక్క రోలర్ మిషను మరలు విప్పడం మొదలుపెట్టింది. బల్లకు బిగించి ఏళ్లైంది, తుప్పు పట్టి కదలలేదు. పట్టకారు తెచ్చి విప్పింది. బ్లేళ్లు గుడ్డలో చుట్టింది. రంగు క్లే పొట్లాలు సంచీలో వేసింది. ఆ ముద్దని ముట్టుకోలేదు.

"ఎక్కడికే?" అంది అమ్మ. "కోపం వచ్చింది, సరే. కోపం తగ్గాక మాట్లాడుకుందాం. నీకు తెలియదా నేనెందుకు చేశానో?"

తెలుసు. అదే బాధ. తెలియకపోతే అడిగేది, పోట్లాడేది, ఏడ్చి ఒళ్లో పడుకునేది.

సంచీ భుజానికి తగిలించుకుని మిషను ఎత్తబోయింది. ఇనుప మిషను, బరువు. ఒక పక్క ఒరిగింది. అమ్మ చప్పున వచ్చి రెండో వైపు పట్టుకుంది, ఆ ఉబ్బిన చేత్తోనే. నొప్పికి మొహం ముడుచుకుంది కానీ వదల్లేదు. ఇద్దరూ మిషనుకు చెరో పక్కన, తలలు దగ్గరగా, ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరగా నిలబడ్డారు.

"చెయ్యి తియ్యమ్మా" అంది నెమలక్క.

అమ్మ తీయలేదు.

"నా సరుకు మీదనుంచి చెయ్యి తియ్యి."

అమ్మ తీసింది. బరువంతా ఒక్కసారిగా నెమలక్క మీద పడింది. తూలింది, గోడకు ఆనుకుని నిలదొక్కుకుంది. మిషను పొట్టకు అదుముకుని, కాలితో తలుపు తోసి, మెట్ల మీదికి వచ్చింది. మలుపు మలుపుకీ ఆగి బరువు సర్దుకుంటూ దిగింది. పైనుంచి ఎవరూ పిలవలేదు.