క్వార్టర్ నంబరు సరిచేసుకోండి

ఉక్కునగరంలో క్వార్టర్ మారి రెండు నెలలైనా గురునాథరావు ఉత్తరాలు ఇంకా పాత సెక్టారుకే పోతున్నాయి. అందుకే ఆ పొద్దున ‘చిరునామా సరిపోలేదు, పార్సిల్ ఆగింది, పాతిక రూపాయలు కట్టండి’ అని మెయిల్ రాగానే నమ్మేశాడు. లింకు నొక్కి కార్డు నంబరు, ఓటీపీ అన్నీ కొట్టేశాడు. అక్కడితో ఆగాడా? సెక్టారు వాట్సాప్ గ్రూపుకి పెద్ద తానే కదా! ‘క్వార్టర్ మారినవాళ్లు ఇందులో నంబరు సరిచేసుకోండి’ అని ఆ లింకు గ్రూపులో పెట్టి, ప్లాంటులో ఫోను లాకర్లో పడేసి పొద్దుటి ‘ఏ’ షిఫ్టుకి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం రెండింటికి లాకరు తీస్తే బ్యాంకు మెసేజి. పద్దెనిమిది వేలు పోయాయి. పక్కనే బూట్లు విప్పుతున్న తోటి కార్మికుడు నాగబాబు అతని ఫోను లాక్కుని చూశాడు.

“ఏటి ఆర్డరు పెట్టేవు బావా?”

“ఏటీ పెట్టలేదు.”

“మరి పార్సిలు ఎక్కడ్నుంచి ఊడిపడిందీ? పంపినోడి అడ్రస్ సూడు, అన్నీ పిచ్చి అక్షరాలే. గ్రూపులో రోజూ మాకు పాఠాలు సెప్తావు గదేటి, మేస్టారూ!”

గురునాథరావుకి చెవులు కాలిపోయాయి. ఫోను వెనక్కి తీసుకున్నాడు. గ్రూపులో పెట్టింది మెల్లిగా చెరిపేస్తే ఎవరికీ తెలియదు. వేలు దాని మీదికి వెళ్లింది కూడా. అంతలో ఫోను మోగింది. ఎదురు బ్లాకు కుసుమకుమారి.

“అన్నయ్యా, మీరు పెట్టేరు గదా అని కార్డు నంబరు కొట్టేసేను. ఓటీపీ వచ్చింది, కొట్టేమంటారా?”

సర్వరు పాడైందంటే పరువు దక్కుతుంది. కానీ సాయంత్రం ఆమె మళ్లీ కొడితే?

“కొట్టకమ్మా! అది దొంగ మెయిలు. నాను మోసపోయేను. ముందు బ్యాంకుకి ఫోన్ సేసి కార్డు ఆపించీ.”

కుసుమకుమారి నమ్మలేనట్టు “మీరా అన్నయ్యా?” అంది.

ఆ ఒక్క మాటకి తల వాలిపోయింది. నాగబాబు తన ఫోనులో సైబర్ మోసాల నంబరు 1930 కలుపుతుంటే, గురునాథరావు గ్రూపులో వాయిస్ మెసేజి మొదలెట్టాడు. మూడుసార్లు చెరిపి, నాలుగోసారి పంపేశాడు.

“నాను పెట్టిన లింకు ఎవులూ నొక్కకండి. ఆర్డరే పెట్టనప్పుడు పార్సిలేటని ఆలోసించలేదు. నా డబ్బులు పోయేయి. నొక్కినోళ్లుంటే సెప్పండి. నానూ దాసేద్దామనే సూసేను.”

ఒక్కొక్కరే వింటున్నారు.

చివరికి మెస్సులో వంట చేసే అసిరమ్మ గొంతు గ్రూపులో వినిపించింది. “నానూ నొక్కేను బాబూ. సెప్తే నవ్వుతారని ఊరుకున్నాను.”

ఆమె ముఖం ఎలా చూడాలో తెలియలేదు. అయినా బండి తాళం అందుకుని, ఆమెకి ఫోను కలిపి, “ఉండమ్మా, వస్తన్నాను. ఇద్దరం కలిసే బ్యాంకుకెళ్దాం,” అన్నాడు.