నిలబెట్టినవాడు

"కూర్చున్న అమ్మాయి కనపడితే కొనేవాడు గుమ్మంలోంచే పోతాడు" అంటూ బట్టల షాపులో స్టూళ్లన్నీ గోడౌన్‌లో పడేయించినవాడు ఫ్లోర్ సూపర్‌వైజరు. పరదా గుడ్డల కౌంటరు దగ్గర పదకొండేళ్లుగా నిలబడుతున్నది అతని పెళ్లామే. షాపులో నిలువుకాళ్లు, ఇంట్లో పొయ్యి ముందూ నిలువుకాళ్లే. సాయంత్రానికి పిక్కలు రాళ్లయ్యేవి. చీలమండల చుట్టూ చర్మం కాల్చిన వంకాయ తోలులా నల్లబడి, ఒకచోట పుండు పడింది.

"మేం నిలబడలేదా, మేం చెయ్యలేదా? మీ తరానికే వచ్చాయమ్మా వింత రోగాలు!" అంది అత్తగారు. మొగుడు మలాం డబ్బా విసిరాడు. "పనెగ్గొట్టడానికి కాళ్లు దొరికాయి నీకు."

పుండు వాసనకి కొనేవాళ్లు ముక్కు మూసుకున్నాక గానీ ఆస్పత్రికి తీసుకెళ్లలేదు.

డాక్టరమ్మ ఆమెను పీట మీద నిలబెట్టి, కాలికి స్కానింగ్ మెషిన్ ఆనించి, పిక్క నొక్కి వదిలింది. తెర మీద రక్తం నీలంగా పైకెగిరింది. మరుక్షణం ఎర్రగా కిందికి జారింది. జారుతూనే ఉంది. రెండో కాలూ అంతే.

"ఈ వాపులు ఎప్పట్నించి?"

"రెండో కాన్పు నుంచండీ" మొగుడందుకున్నాడు.

"కాళ్లు మీవా?"

ఆమెకు నవ్వొచ్చింది. "ఏడేళ్లప్పట్నించి. బడిలో ప్రార్థన అయ్యేసరికి చెప్పులు బిగుసుకుపోయేవి."

"పైకెళ్లిన రక్తం కిందికి పడకుండా సిరల్లో వాల్వులుంటాయి, తలుపుల్లాగా. నీకవి పుట్టుకతోనే సరిగ్గా ఏర్పడలేదమ్మా. నడిస్తే మంచిదే. కాళ్లు ఎత్తిపెట్టి పడుకో. గంటల తరబడి నిలబడ్డం మాత్రం ఈ కాళ్లకి విషం."

"పుట్టుకతోనా! అంటే లోపమున్న సరుకుని మాకంటగట్టారన్నమాట!"

సరుకు! ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. తలుపుల్లేని కాళ్లతో ఎన్ని తానులు విప్పింది, ఈ మనిషికి ఎన్ని రాత్రులు కాళ్లు పట్టింది! పుట్టుక చేసింది సగం. మిగతా సగం చేసినవాడు పక్కనే నిలబడి పళ్లికిలిస్తున్నాడు. ఆమెకిప్పుడు ఎవరి జాలీ అక్కర్లేదు. వీడికి నొప్పి తెలియాలి, అంతే.

"డాక్టరమ్మా, కాగితం మీద రాయండి. రోజుకి పది గంటలు నిలబెట్టారని, స్టూలడిగితే ఇవ్వలేదని. ఇవ్వనివాడి పేరూ చెప్తాను."

"ఏయ్, పిచ్చెక్కిందా? నా ఉద్యోగం పోతుందే!"

డాక్టరమ్మ కలం తీసింది. "నువ్వు చెప్పింది చెప్పినట్టే రాస్తాను. చెప్పమ్మా."

ఇంటిపేరుతో సహా చెప్పింది.

అక్కణ్నుంచి ఆమె ఇంటికి పోలేదు, తిన్నగా లేబర్ ఆఫీసుకు నడిచింది. "ఇంట్లో మాట్లాడుకుందామే, నీకు దణ్ణం పెడతా" అంటూ మొగుడు వెంటపడ్డాడు. ఆఫీసరు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చుని, పక్క కుర్చీ లాక్కుని రెండు కాళ్లూ దాని మీద పెట్టుకుంది.

"ఫిర్యాదు ఎవరి మీదమ్మా?"

"అదిగో, ఆ గుమ్మంలో నిలబడ్డాడే, ఆయన మీద."