చీపురుపుల్ల కాలేయం

మామయ్యకు కాలేయంలో ఒక ముక్క కావాలని డాక్టరు చెప్పిన రోజు, నేనిస్తానని అందరికంటే ముందు అన్నది నేనే. ఏ విషయంలోనైనా నేను ముందు నోరు తెరవడం అదే మొదటిసారి. నా కాలేయం పనికొస్తుందా అన్న అనుమానం ఇంట్లో ఎవరికీ రాలేదు. నన్ను చీపురుపుల్ల అంటారు, అక్కను బస్తా అంటారు.

"పుల్లకి కొవ్వెక్కడిది? దాని లివర్ అద్దంలా ఉంటుంది" అంది అక్క. ఆమెది కుట్టుషాపు. కొన్నాళ్ళు మూస్తే గిరాకీ అంతా వేరే వీధికి పోతుంది. నాకైతే ఆఫీసులో సెలవుంది. పైగా నాన్న లేని మమ్మల్ని పెంచింది మామయ్యే. సైకిలు నేర్పుతూ చేలగట్ల మీద నా వెనకే పరుగెత్తింది కూడా ఆయనే.

ఇప్పుడు నాకు పరుగుతో పని లేదు. ఆఫీసులో ఫోన్లకు సమాధానం చెప్పాలి. సీటు వదిలితే కంప్యూటర్లో మన పేరు పక్కన ఎర్రచుక్క పడుతుంది. ఆ చుక్క పడకుండా బతకడాన్ని నేనొక విద్యలా నేర్చుకున్నాను. నీళ్ళ సీసాలు కాళ్ళ దగ్గర, బిస్కెట్లు సొరుగులో, ఫ్యాను స్విచ్చు నొక్కడానికి పొడవాటి స్కేలు. ఫైళ్ళ బీరువా దాకా మడమలతో నేలను తన్నుకుంటూ కుర్చీతో సహా వెళ్ళేదాన్ని.

"కుర్చీ నిన్ను మోస్తోందో, నువ్వే కుర్చీని తగిలించుకు తిరుగుతున్నావో తెలీట్లేదమ్మా" అనేవాడు పక్క సీటాయన. ఆయన పొట్ట చూసి నేను లోలోపల నవ్వుకునేదాన్ని. సన్నగా ఉన్నవాళ్ళకుండే పొగరది.

స్కానింగ్ అయ్యాక మామయ్య, అక్క, నేను ఆస్పత్రి వరండాలో డాక్టరు కోసం ఎదురుచూస్తున్నాం. నాకు దాహం వేసింది. కుళాయి వరండా చివర ఉంది. పక్కనే రోగుల్ని తీసుకెళ్ళే చక్రాల కుర్చీ ఒకటి ఖాళీగా కనిపించింది. ఒట్టు, నేనేమీ ఆలోచించలేదు. అందులో కూర్చుని, అలవాటుగా మడమలతో తన్నుకుంటూ బయల్దేరాను. సగం దారిలో నర్సు ఆపింది.

"ఒక్కదానివే ఎక్కడికమ్మా? నీతో ఎవరూ రాలేదా?"

"మంచినీళ్ళకండి."

"ఆపరేషన్ ఎప్పుడైంది?"

"నాకు కాదండి. నేను ఇచ్చే మనిషిని."

ఆమె నా కాళ్ళ వంక చూసింది. వెనక బెంచీ మీద, కళ్ళు పచ్చబడ్డ మామయ్య పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. జబ్బు పడ్డాక ఆయన అలా నవ్వడం నేను చూడలేదు.

"వదిలెయ్యండి సిస్టర్. వాళ్ళ ఆఫీసులో నడక అదే."

డాక్టరు మాత్రం నవ్వలేదు. నా కాలేయానికి కొవ్వు పట్టిందన్నాడు, రక్తంలో చక్కెర కూడా అంచున ఉందన్నాడు.

"నేను సన్నగా ఉన్నాను కదండీ?"

"బయటికి. రోజంతా ఏం పని చేస్తారు?"

"కూర్చుంటానండి" అన్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగం గురించి అంత నిజం ఎప్పుడూ చెప్పలేదు.

ఆ కొవ్వు కరగడానికి నెలలు పడుతుందట. మామయ్యకు అంత వ్యవధి లేదట. ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. మామయ్య నా తల నిమిరి, "పోనీలేవే. నీ సంగతి ముందే తెలిసింది, అదీ మంచిదే" అన్నాడు. ఏడుద్దామన్నా నాకు మొహం చెల్లలేదు.

అక్క అప్పటికే చేతిసంచి నా ఒళ్ళో పడేసి లేచింది. "నాకు చెయ్యండి పరీక్షలు" అంది. పొద్దున లేస్తే కత్తిరింపు బల్ల ముందు నిలబడే ఉండే మనిషి. ఆ వారంలో ఫలితాలు వచ్చాయి. అద్దంలాంటి కాలేయం బస్తాది.

"మరి షాపో?" అన్నాను.

షాపు తాళాలు నా చేతిలో పెట్టింది. "నువ్వున్నావుగా. కొలతలు తీసుకో, కుట్టినవి ఇచ్చెయ్. కత్తెర మాత్రం ముట్టుకోకు, చచ్చినా ముట్టుకోకు."

ఆపరేషన్ అయింది. ఇద్దరూ గట్టెక్కారు. అమ్మను తోడు పెట్టుకుని ఆస్పత్రి వరండాలో మెల్లగా నడుస్తున్నారు. వాళ్ళు లేచి నడిచాకే నేను షాపు తెరిచి నిలబడ్డాను. మొదటిరోజు మధ్యాహ్నానికే పిక్కలు పట్టేశాయి. అప్పుడే అక్క ఫోన్ చేసింది.

"కాళ్ళు పీకుతున్నాయా?"

"అబ్బే, లేదు."

"స్టూలు కోసం వెతికావా?"

"నేనెందుకు వెతుకుతాను?"

"బల్ల కింద లేదులే. అటక మీదా లేదు. ఎదురింటావిడకి ఇచ్చేశా. నువ్వొచ్చి అడిగితే ఇవ్వొద్దని కూడా చెప్పా."

బల్ల కింద చూడటం ఎప్పుడో అయిపోయింది. అటక సంగతే తట్టలేదు. ఎదురింటావిడ మాత్రం, నేను అడిగినప్పుడు అందుకే అంత ముద్దుగా నవ్విందన్నమాట.