హీటర్ వెయ్యకు

"కార్లో హీటర్ మాత్రం వెయ్యకు" అన్నాడు తకెహారు, గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ. నిన్నా అదే మాట, మొన్నా అదే మాట. అన్నం డబ్బా అందిస్తే తీసుకుంటూ ఇంకోసారి అన్నాడు. తలూపాను. బయట కారు అద్దం మీద మంచు పేరుకుపోయి ఉంది, అది గీకాలి. అత్తయ్యని కీళ్ళ ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. వచ్చేటప్పుడు చేపలు, ముల్లంగి, ఇస్త్రీకిచ్చిన అతని చొక్కాలు.

మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. పెట్రోలుతోనూ కరెంటుతోనూ నడిచే హైబ్రిడ్ కారు తయారుచేసినవాళ్ళలో ఒకడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నాతో మాట్లాడిన మాటల్లో సగం, భూమిలో చమురు అయిపోతోందన్న సంగతే. "మన జపాన్‌లో చమురు చుక్క లేదు శిజుయో. రేపు ఓడలు ఆగిపోతే ఏం తింటాం?" అనేవాడు, నేను వడ్డించింది తింటూ.

అది అబద్ధమని నేనెప్పుడూ అనుకోలేదు. డెబ్బై మూడులో చమురు కరువొచ్చినప్పుడు నాకు ఐదేళ్ళు. టాయిలెట్ కాగితం కూడా దొరకదని ఊరంతా పుకారు లేస్తే, కొట్టు ముందు తోపులాటలో మా అమ్మ వేలు పట్టుకుని నిలబడ్డాను. మా అత్తయ్య ఇప్పటికీ అల్మరా నిండా ఆ కాగితం చుట్టలు కొని పెట్టుకుంటుంది. లేకపోతే ఆవిడకి నిద్రపట్టదు. అంచేత, చమురు పొదుపు చెయ్యాలంటే ఎందుకని అడిగే ఇల్లు కాదు మాది.

పోయిన శరదృతువులో అతను కొత్త కారు ఇంటికి తెచ్చాడు. ఇంట్లో ఆడవాళ్ళు మామూలుగా వాడుకుంటే లీటరుకి ఎంత దూరం వస్తుందో చూడమని కంపెనీ వాళ్ళు కొందరు ఉద్యోగులకి ఇచ్చారు. మామూలుగా వాడనిస్తే కదా! గట్టిగా తొక్కకు, సడన్‌గా బ్రేకు వెయ్యకు, ఎత్తు దారి మీదుగా రాకు, చుట్టూ తిరిగి రా. రాత్రి భోజనానికి ముందు వెళ్ళి కారు తెర మీద అంకె చూసొచ్చేవాడు. అంకె పెరిగితే "చూశావా, ఎంత గొప్ప బండో!" తగ్గితే "ఏం చేశావు?" గొప్పదనం బండిది, తప్పు నాది. నేను కూడా కారు దిగే ముందు ఆ తెర వంక భయంగా చూసుకోవడం మొదలుపెట్టాను, పరీక్ష రాసిన పిల్లలా.

ఇంతలో చలికాలం వచ్చింది. ఆ బండిలో వెచ్చదనం ఇంజిన్ నుంచే రావాలి. హీటర్ వేస్తే ఎర్ర లైటు దగ్గర ఆగాల్సిన ఇంజిన్ కూడా ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. అందుకే వెయ్యకూడదు.

ఆ రోజు ఆస్పత్రికి వెళ్తూ సగం దారిలో నా కోటు తీసి అత్తయ్య ఒళ్ళో కప్పాను. "హీటర్ వేస్తానత్తయ్యా" అన్నాను.

"వద్దమ్మాయ్. వాడి లెక్క పాడవుతుంది."

ఆస్పత్రి దగ్గర ఆవిడ సీటు బెల్టు తీసుకోలేకపోయింది. వేళ్ళు అల్లం కొమ్ముల్లా వాచి బిగుసుకుపోయాయి. నర్సు ఆ చేతులు చూసి నా మీద విరుచుకుపడింది. "మీరు కోడలేనా? ముసలావిడని ఇంత చలిలో ఎలా తెచ్చారు?" నేను వంగి క్షమాపణ చెప్పాను. ఎవరి తరఫున చెప్పానో నాకే తెలీదు.

తిరిగొచ్చేటప్పుడు హీటర్ వేశాను. అత్తయ్య రెండు చేతులూ ఆ గాలికి పెట్టింది. ఎర్ర లైటు దగ్గర ఇంజిన్ గుర్రుమంటూనే ఉంది. ఇంటి సందు మలుపులో, "వాడితో చెప్పకులే" అంది.

చెప్పక్కర్లేదు. అంకే చెప్పింది. ఆ సాయంత్రం తకెహారు తన కింద పనిచేసే ఇద్దరిని భోజనానికి వెంటపెట్టుకొచ్చాడు. తెర చూసి లోపలికొచ్చి, వాళ్ళ ముందే, "ప్రపంచానికంతా పొదుపు నేర్పుతాను గానీ, ఇంట్లో పెళ్ళానికి నేర్పలేకపోతున్నానోయ్" అన్నాడు. వాళ్ళు పెద్దగా నవ్వారు. నవ్వుతూనే ఒకతను ఖాళీ గిన్నె నావైపు చాచాడు. అన్నం పెట్టాను. రెండో అతనికి సూపు పోశాను. ముగ్గురూ చొక్కా చేతులు మడుచుకుని వెచ్చగా కూర్చున్నారు. ఆ గదిని వెచ్చబెట్టే స్టవ్ వెలిగించింది నేను. అందులో పొయ్యడానికి కిరసనాయిలు డబ్బా పెరటి మంచులోంచి మోసుకొచ్చింది నేను. ఆ నూనె ఏ లెక్కలోకీ రాదు కాబోలు. అరవాలనిపించింది. "చేప ఇంకో ముక్క వెయ్యనా?" అని అడిగాను.

ఆదివారం వార్డు సభామందిరంలో ఆ కారు గురించి అతని ఉపన్యాసం. పై అధికారి కురియామ గారు కూడా వచ్చారు. "నిన్ను లేపి అడుగుతారు. చలికాలంలో కూడా ఏ ఇబ్బందీ లేదని చెప్పు. రెండు ముక్కలు చాలు" అని ముందే పాఠం అప్పజెప్పించుకున్నాడు.

కురియామ గారు నవ్వుతూ అడిగారు. లేచి నిలబడ్డాను. ఆ రెండు ముక్కలు నోట్లోనే ఉన్నాయి, బయటికి రాలేదు.

"బండి మంచిదండీ. పెట్రోలు నిజంగానే తక్కువ తాగుతుంది. కానీ మావారు చూపించిన అంకె, హీటర్ వెయ్యకుండా మా అత్తయ్యా నేనూ వణుకుతూ కూర్చుంటే వచ్చింది. వేస్తే తగ్గుతుంది. తగ్గినా మా పాత బండి కంటే నయమే. ఆ మాట చెబితే సరిపోయేది."

కురియామ గారు తకెహారు వైపు తిరిగారు. "ఇది నువ్వు రిపోర్టులో రాయలేదేమయ్యా?"

"ఆడవాళ్ళకి చలి కాస్త ఎక్కువ కదండీ..." అని నవ్వబోయాడు.

"అది చలి కాదురా, నొప్పి" అంది ముందు వరసలోంచి అత్తయ్య.

తిరుగు దారిలో అతనే నడిపాడు. గట్టిగా తొక్కాడు కూడా. "అందరిముందూ నా పరువు తీశావు."

"అబద్ధం చెప్పానా?"

"నిన్ను నిజం ఎవరడిగారు?"

అవును, ఎవరడిగారు? పెళ్ళయిన ఈ ఏడేళ్ళలో ఒక్కసారైనా? అలసిపోయావా అని, చలేస్తోందా అని, నువ్వేమనుకుంటున్నావని. అడగలేదు కాబట్టి నాకు జవాబులు లేవనుకున్నాడు. కొన్నాళ్ళకి నేనూ అలాగే అనుకున్నాను.

స్టేషన్ కనిపించింది. "ఇక్కడ ఆపండి" అన్నాను. కూరలకనుకుని ఆపాడు.

"తొయొహాషిలో మా అక్క దగ్గరికి వెళ్తున్నా."

"ఇప్పుడా? గురువారం అమ్మకి ఆస్పత్రి ఉంది!"

"మీరు తీసుకెళ్ళండి."

"నాకు ఆఫీసుంది. అసలు ఆ ఆస్పత్రి ఎక్కడో కూడా..."

"వెళ్ళిరా అమ్మాయ్" అంది వెనక సీట్లోంచి అత్తయ్య. "దారి నేను చెప్తాలే వాడికి."

తలుపు వేసి నాలుగడుగులు వేశాను. నా వెనక కారు అద్దం కిందికి దిగిన చప్పుడు. "శిజుయో! మళ్ళీ ఎప్పుడొస్తావు?"

జవాబు తనకి తెలియని ప్రశ్న అతను నన్ను అడగడం అదే మొదటిసారి. జవాబు నాకూ తెలీదు. ఆ మాటే చెప్పి మెట్లెక్కాను.