మొదటి కాన్పు ఎవరిది

నా నోరు మంచిది కాదని గోదారి మధ్యనున్న ఈ లంకంతా చెప్పుకుంటారు. చెప్పుకోనీండి. పద్నాలుగేళ్లుగా ఇక్కడ సర్కారు నర్సుని, ఏఎన్నెమ్‌ని. మెత్తగా చెప్తే గర్భిణీల్ని ఆసుపత్రికి పంపించే జనమైతే నేనూ మెత్తగానే మాట్లాడుదును.

ఆవేళ పొద్దున్న తొమ్మిదింటికి అప్పాజీగారమ్మాయి సత్యశ్రీకి బీపీ చూశాను. నూట డెబ్బై బై నూట పది. ఎనిమిదో నెల. మొహం ఉబ్బిపోయింది, కాలి మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడుతోంది. "ఇప్పుడే పడవెక్కించండి. ఫిట్స్ వస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారు" అన్నాను.

వాళ్లమ్మ చిన్నమ్మాయిగారు చేతులు నలుపుకుంటూ, "అత్తవారిని ఒక్క మాట అడగాలి కదండీ. ఆపరేషనంటే మాటలా?" అంది.

ఆ అత్తవారిల్లు ఎక్కడనుకున్నారు? రావులపాలెంలో, ఆపరేషన్లు చేసే ఆసుపత్రికి రెండు వీధుల అవతల! అంత దగ్గరున్న పిల్లని ఏడో నెలలో సీమంతం చేసి, మొదటి కాన్పు పుట్టింటివాళ్లదంటూ డాక్టరు లేని లంకకి తోలారు. వీళ్ల పద్ధతులు తగలెయ్య!

ఫోను కలిపారు. వియ్యపురాలు సూరమ్మగారిది ఎంత మర్యాదో!

"మొదటి కాన్పు మీది కదా వదినగారూ. మధ్యలో మేం చెప్తే ఏం బాగుంటుంది? మీ ఇష్టమండి."

"అయ్యో, మీ ఇంటి కోడలు కదండీ. మీ మాట లేకుండా మేమెలా కోయిస్తాం?"

అరగంటండీ, అరగంట! రేపేదన్నా అయితే మాట పడాల్సొస్తుందని ఇద్దరికీ భయం. అల్లుడు గణేష్‌బాబు ఫోనందుకుని "అమ్మెలా అంటే అలా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

పక్కింటికెళ్లి అక్కణ్ణుంచి సూరమ్మగారికి ఫోను చేశాను. "వాళ్లు పడవెక్కేశారు, మీరు ఆసుపత్రికి వచ్చెయ్యండి" అన్నాను. వెనక్కొచ్చి చిన్నమ్మాయిగారితో, "మీ వియ్యపురాలు సరేనంది, పదండి" అన్నాను. రెండూ అబద్ధాలే. పావుగంటలో అందరూ రేవులో ఉన్నారు.

పడవ ఏటి మధ్యకి వెళ్లేసరికి ఫిట్స్ వచ్చేశాయి. పిల్లని పక్కకి తిప్పి పట్టుకుని కూర్చున్నాను. ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి సత్యశ్రీని బతికించారు. మగపిల్లాడు దక్కలేదు.

మూడోరోజు వార్డులో వియ్యపురాళ్లిద్దరూ ఎవరేమన్నారో తేల్చుకున్నారు. అంతదాకా ఒకళ్ల మీద ఒకళ్లు పళ్లు నూరుకున్నవాళ్లు ఇట్టే ఒక్కటైపోయారు.

"మా పేరు చెప్పి అబద్ధమాడింది. కడుపుతో ఉన్నదాన్ని ఏరు దాటించి బిడ్డని పొట్టన పెట్టుకుంది" అంది సూరమ్మగారు. అప్పాజీగారు కలెక్టరుకి అర్జీ పెడతానన్నాడు.

నేనూరుకుంటానా? "పెట్టుకోండి! ఆ అరగంట ఎవరు తగలేశారు? బిడ్డని చంపింది మీ మర్యాదలు కాదూ? నేనే లేకపోతే ఈ పిల్లా మిగిలేది కాదు. కావాలంటే దాన్నే అడగండి!" అని వార్డంతా వినేలా అరిచాను.

సత్యశ్రీ మంచం మీంచి నా వంకే చూసింది.

"ఇప్పుడు గుర్తొచ్చానా నర్సమ్మగారూ? పడవెక్కకముందు పదిరోజుల్నించీ నాకు తలనొప్పి, కళ్లు మసకలు. మధ్యలో మీరు రెండుసార్లు వచ్చారు. నేను ఎదురుగానే ఉన్నాను. అమ్మాయికి ఎలా ఉందండీ అని మా అమ్మని అడిగారు. బాగానే ఉందండి అంది. బీపీ కూడా చూడకుండా రాసుకుని వెళ్లిపోయారు. లంకకి వెళ్లనని అత్తయ్యతో మొత్తుకున్నాను. తలనొప్పని అమ్మతో చెప్పుకున్నాను. మీరడిగితే మీకూ చెప్పేదాన్ని."

చిన్నమ్మాయిగారు దగ్గరికి రాబోతే చేత్తో ఆపేసింది.

"పోయినవాడు నా కొడుకు. మీ తగువేదో బయటికెళ్లి పెట్టుకోండి" అని మొహం గోడవైపు తిప్పేసుకుంది.

నాకు తల కొట్టేసినట్టయింది. అందరికంటే ముందు నేనే బయటికొచ్చేశాను.